అద్దె ఇల్లు, ఏజెంట్, డిపాజిట్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ముగ్గురం అమ్మాయిలం కలిసి ఒక ఇల్లు తీసుకున్నాం. అద్దె నెలకు 1,040 పౌండ్లు, డిపాజిట్ 1,200. పోయిన నెల ఖాళీ చేశాం. కార్పెట్ మీద మరకకు 300, క్లీనింగ్‌కు 240, మొత్తం 540 పట్టుకుంటామని ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. ఓనర్‌కి ఫోన్ చేస్తే ఏజెంట్‌తో మాట్లాడుకోమంటారు. ఏజెంట్‌ని అడిగితే ఓనర్ ఒప్పుకోవడం లేదు, నేను చెప్పిందే ఫైనల్ అంటున్నారు. ఇంట్లో ఇంకా డబ్బు అడగలేం, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ‘ఫైనల్’ అన్న మాటకే మీరు భయపడిపోయారమ్మా. అలా అనే అధికారం ఆయనకు లేదు. ఆయనకు ఫీజు ఇచ్చేది ఓనర్, ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయన ఓనర్ తరఫు మనిషే. ఎవరి పక్షమూ కాకుండా తేల్చేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లే డిపాజిట్ స్కీముల వాళ్లు. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి ఇలాంటి డిపాజిట్లను ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టి తీరాలి. ఇప్పుడు అవి మూడు: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. డబ్బు అందిన 30 రోజుల్లో అందులో చేర్చి, ఎక్కడ చేర్చారో మీకు రాసి ఇవ్వాలి. మూడు వెబ్‌సైట్లలోనూ ఇవాళే వెతకండి. ఎక్కడా లేకపోతే మీరు కోర్టుకు వెళ్లవచ్చు, అక్కడ డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్లు మీకు ఇప్పించే వీలుంది.

స్కీములో ఉంటే, “540 కోతకు ఒప్పుకోం, గొడవ లేని 660 ఇప్పుడే ఇవ్వండి” అని మెయిల్ పెట్టి అక్కడే వివాదం నమోదు చేయండి. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. సాధారణంగా ఓనర్ వైపు కూడా ఒప్పుకోవాలి, కాదంటే కోర్టే గతి. కాగితాలు, ఫొటోలు చూసి తేలుస్తారు, డిపాజిట్ మీ డబ్బు కాబట్టి కోత ఎందుకో రుజువు చూపాల్సింది వాళ్లే.

ఇక కార్పెట్. మీరు చేరిన రోజు రాసిన ఇన్వెంటరీ, అంటే ఇంట్లో ఏమేం ఉన్నాయో, ఎలా ఉన్నాయో రాసిన జాబితా బయటికి తీయండి, అందులో ఆ మరక ముందే ఉందేమో చూడండి. లేకపోయినా పాత కార్పెట్‌కు కొత్తదాని ధర అడగకూడదు. పదేళ్లు మన్నే కార్పెట్ అప్పటికే ఎనిమిదేళ్లు వాడేసి ఉంటే, 300లో మిగిలిన రెండేళ్ల వంతు 60 మాత్రమే న్యాయం. నడిచి నడిచి అరిగినదానికైతే అసలు ఏమీ కట్టక్కర్లేదు. క్లీనింగ్ కూడా అంతే. 2019 జూన్‌లో అమల్లోకి వచ్చిన టెనెంట్ ఫీజెస్ చట్టం ప్రకారం, ఫలానా కంపెనీతోనే శుభ్రం చేయించి డబ్బు కట్టాలని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. చేరినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు. నేను ఒకసారి ఫొటోలు తీసుకోక ఇలాగే డబ్బు పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏజెంట్ ప్రవర్తన మీద ఫిర్యాదు వేరే సంగతి. ముందు ఏజెన్సీకే రాసి పంపండి. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే వాళ్లు ఏ ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యులైతే అక్కడికి, అంటే ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్‌కో ప్రాపర్టీ రిడ్రెస్‌కో వెళ్లండి. ఈ రెండిట్లో ఒకదానిలో ప్రతి ఏజెన్సీ ఉండి తీరాలి.

ప్రశ్న: ఇంట్లో రెండు వారాలుగా బాయిలర్ పనిచేయడం లేదు, చిన్న పాప ఉంది. ఓనర్‌కి చెప్పాం అనడం తప్ప ఏజెంట్ ఏమీ చేయడం లేదు. ఓనర్ ఎవరో కూడా మాకు తెలియదు. అద్దె ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, కోవెంట్రీ

జవాబు: ఆపకండి. బాకీ పడితే తప్పు మీ మీదికి వస్తుంది. వేడినీళ్లు, హీటింగ్ బాగు చేయించడం 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం ఓనర్ బాధ్యత. ఓనర్ పేరు, చిరునామా ఇవ్వమని ఏజెంట్‌కి రాసి పంపండి, 21 రోజుల్లో ఇవ్వాలి. పాప సంగతి చెప్పి, కౌన్సిల్లో ఇళ్ల పరిస్థితి చూసే విభాగానికి ఈరోజే ఫోన్ చేయండి. అడిగితే ఖాళీ చేయమంటారేమో అని వెనకాడకండి, కారణం చెప్పకుండా ఇచ్చే సెక్షన్ 21 నోటీసు ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి కొత్తగా ఇవ్వడం కుదరదు.