అడిగేది ఒకటి, కొనేది ఇంకోటి

ప్రశ్న: ఎక్కడ చూసినా ఎస్‌యూవీలే అండీ. సెడాన్లు, స్టేషన్ వ్యాగన్లు (అంటే సెడాన్ పైకప్పుని వెనకదాకా సాగదీసి సామాన్లకి చోటిచ్చిన కార్లు) ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి. ఇంట్లో ఉండేది నలుగురమే, మాకంత ఎత్తు బండి దేనికి? అసలు ఏ రకం బండి చెయ్యాలో కంపెనీలు ఎలా డిసైడ్ చేస్తాయి, మనలాంటోళ్లని అడుగుతాయా?

జవాబు: అడుగుతాయండీ, బాగానే అడుగుతాయి. క్లినిక్ అంటారు దాన్ని, అంటే డాక్టర్ల క్లినిక్ కాదు, ఒక హాల్లో ఇంకా మార్కెట్లోకి రాని బండిని, పక్కనే పోటీ కంపెనీల బండ్లని, పేర్లు కనబడకుండా పెట్టేసి జనాన్ని పిలిచి ఏది నచ్చింది, ఎంతైతే కొంటారు అని గుచ్చిగుచ్చి అడుగుతారు. కాకపోతే మైలేజీయే ముఖ్యమండీ అని హాల్లో చెప్పినాయనే షోరూంలోకొచ్చి సన్‌రూఫ్ ఉందా అంటాడు. అందుకని మన నోటికంటే మన జేబునే ఎక్కువ నమ్ముతారు. ఫోర్డ్ వాళ్లు 1957లో ఎడ్సెల్ అనే కారు తెచ్చేముందు పేరేం పెట్టాలో కూడా జనాన్ని అడిగించారు, అయినా 1959 చివరికల్లా దాన్ని మూసేశారు. అదే ఫోర్డ్ 1964లో, అప్పటికే అమ్ముతున్న ఫాల్కన్ కారు అడుగుభాగం మీదే అందమైన బాడీ ఎక్కించి మస్టాంగ్ అని వదిలితే ఏడాదిలో 4 లక్షలకి పైగా అమ్ముడుపోయాయి.

అసలు కిటుకంతా ఆ అడుగుభాగంలోనే ఉంది. ప్లాట్‌ఫామ్ అంటారు. కొత్త ప్లాట్‌ఫామ్ చెయ్యాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బు నీళ్లలా పోతుంది, కాబట్టి "ఏ కారు చేద్దాం" కంటే ముందు "ఉన్నదాంతో ఇంకా ఏమేం చెయ్యొచ్చు" అనే ఆలోచిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ 2012లో తెచ్చిన ఎంక్యూబీ అనే ప్లాట్‌ఫామ్ చూడండి, ముందు చక్రాల ఇరుసు నుంచి పెడళ్ల దాకా ఉన్న దూరం ఒక్కటి మార్చరు, మిగతాదంతా సాగదీసుకోవచ్చు, గోల్ఫ్, ఆడి ఏ3, స్కోడా ఆక్టావియా అన్నీ దాని మీదే వచ్చాయి. ఇక అదే ప్లాట్‌ఫామ్ మీద బాడీ కాస్త ఎత్తు పెంచారనుకోండి, ఖర్చు కొంచెమే పెరుగుతుంది, రేటు మాత్రం బాగా పెంచొచ్చు. మీ ఎస్‌యూవీ సంగతి అక్కడే తేలిపోయింది. 2018 ఏప్రిల్లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సెడాన్లు ఆపేస్తున్నామని చెప్పేసింది, మస్టాంగ్‌ని మాత్రం ఉంచుకుంది.

రూల్స్ గురించి కూడా చెప్పాలి, నన్నడిగితే బండి రూపం డిజైనర్ కంటే ఎక్కువ గీసేది అవే. జపాన్‌లో కెయ్ కార్లని ఉన్నాయి, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు, దాటకపోతే పన్ను తక్కువ. పొడుగుకీ వెడల్పుకీ దారి మూసేసరికి అవి పైకి పెరిగాయి, అందుకే చాలావరకు నిలబెట్టిన అట్టపెట్టెల్లా ఉంటాయి. అమెరికాలోనేమో మైలేజీ రూల్స్‌లో కార్లకో లెక్క, ట్రక్కులకి కాస్త సడలించిన ఇంకో లెక్క. ఎస్‌యూవీలు చాలావరకు ట్రక్కుల కిందకొస్తాయి. క్రైస్లర్ పీటీ క్రూజర్ చూడ్డానికి కారే, కానీ వెనక సీట్లు తీసేస్తే ఫ్లోరు చదునుగా ఉంటుంది కాబట్టి ట్రక్కు లెక్కలో చేరింది!

ప్రశ్న: మరి అమెరికాలో పికప్‌లంటే, అదే వెనక సామాన్ల తొట్టి ఉండే బండ్లంటే, అంత పిచ్చి కదా, బయటి దేశాల్లో తయారైన చిన్న పికప్‌లు అక్కడ పెద్దగా ఎందుకు దొరకవు?

జవాబు: కోళ్ల వల్ల. నవ్వకండి, నిజమే. అమెరికా కోళ్ల మీద యూరప్ దేశాలు సుంకం పెంచాయని అమెరికాకి కోపమొచ్చి, 1964 నుంచి దిగుమతయ్యే పికప్‌ల్లాంటి చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది, కోళ్ల గొడవ ఎప్పుడో సద్దుమణిగినా ఆ పన్ను మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తప్పించుకోడానికి పడిన పాట్లు చూడాలి. సుబారు వాళ్లు బ్రాట్ అనే పికప్ వెనక తొట్టిలో, సామాన్లు వేసుకునే చోట, రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించేసి ఇది ప్యాసింజర్ బండి అన్నారు, పట్టుకోడానికి హ్యాండిళ్లు కూడా పెట్టారు పాపం. ఫోర్డ్ ఇంకా ఘనం, టర్కీలో చేసిన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లకి వెనక సీట్లు, కిటికీలు పెట్టి ఓడెక్కించడం, అమెరికాలో దిగాక ఆ సీట్లు పీకేసి, కిటికీలున్న చోట రేకులు బిగించి సరుకు వ్యాన్లుగా అమ్మడం. కస్టమ్స్ వాళ్లు ఊరుకోలేదు, ఏళ్లతరబడి కేసు నడిచి 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది.

ప్రశ్న: మాన్యువల్ గేర్లున్న స్టేషన్ వ్యాగన్ కావాలని ఆన్‌లైన్‌లో ఎంతమంది మొత్తుకుంటున్నా ఎందుకు చెయ్యరు?

జవాబు: మొత్తుకునేవాళ్లలో చాలామంది అది సెకండ్ హ్యాండ్‌లో వచ్చాక కొంటారు కాబట్టి.