పుట్టకొక్కులు ఇంట్లో పెంచడమా? పదేళ్లప్పుడే చేసి చూశాను

"ఉరుములు ఉరిమితేనే పుట్టగొడుగులు మొలుస్తాయంటారు, నిజమేనా? పుట్ట మీద మొలిచే రకాన్ని ఇంట్లో పెంచుకోవచ్చా?" అని అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను. అది నేను స్వయంగా చేసి వీపు మీద దెబ్బ తిన్న పని.

మా అమ్మమ్మ వాళ్లది రంపచోడవరం వైపు ఊరు. అక్కడ వీటిని పుట్టకొక్కులు అంటారు. ఆరుద్ర కార్తెలో రాత్రంతా ఉరిమి వాన పడిందంటే చాలు, తెల్లారగట్లే అమ్మమ్మ రెండు టేకాకులు చేతబట్టుకుని చింతతోపు వెనక పుట్ట దగ్గరికి బయల్దేరేది. వెనకాలే నేను. ఆలస్యమైతే గొడుగు విచ్చుకుని పురుగు పడుతుందని చెప్పేది గానీ, అసలు భయం పక్కింటివాళ్లు ముందే వచ్చేస్తారని.

ఆవిడ కొక్కుని పీకేది కాదు. కాడ చుట్టూ వేలితో మట్టి తీసి, మెల్లిగా కదిపి లాగేది. కింద నుంచి సన్నటి తోక ఒకటి వచ్చేది, జానెడు పైనే. ఇది ఎక్కడిదాకా పోతుంది అమ్మమ్మా అంటే "పాతాళానికి రా" అనేది.

ఆ పాతాళమేదో చూద్దామని ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా గునపం ఎత్తుకుపోయాను. మోకాలి లోతు తవ్వేసరికి లోపల చిన్న గూడు, అందులో కొబ్బరికాయంత ముద్ద. గోధుమరంగు, ముడతలు, తేనెపట్టులా బొరియలు. ఒళ్లంతా గసగసాలంత తెల్లటి పూసలు. చుట్టూ చెదపురుగులు చెల్లాచెదురుగా పరుగులు. నాకు తట్టింది ఒకటే: దొరికింది విత్తనం! ఆ ముద్దని పాత కుండలో పెట్టి, గడ్డి కప్పి, రోజూ నీళ్లు చిలకరించాను.

వారం తిరిగేసరికి మొలిచాయి. కొక్కులు కావు, కాలిపోయిన అగ్గిపుల్లల్లాంటి నల్లటి పుల్లలు. అమ్మమ్మ కుండ చూసింది, నన్ను చూసింది. కుండ పెంటకుప్ప మీదికి పోయింది, నా వీపు విమానం మోత మోగింది. మరుసటి ఏడు పుట్టకి ఆ పక్కన ఒక్క కొక్కూ రాలేదు. ఆ సంగతి నాకు ఏళ్లపాటు గుర్తు చేశారు.

నేను చేసిందేమిటో అర్థం కావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఆ ముద్ద చెదపురుగుల పొలం. ఎండుటాకు, పుల్ల నమిలి, తమ విసర్జనతోనే దాన్ని కట్టుకుంటాయి. దాని మీద టెర్మిటోమైసిస్ అనే బూజుని పెంచుతాయి. కర్రకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ ఆ పురుగులకి సొంతంగా సరిగ్గా అరగదు. బూజు దాన్ని మెత్తబరిచి పెడితే అవి తింటాయి. నేను చూసిన తెల్లపూసలూ వాటి తిండే. ఇక మనం కూర వండుకునేది ఆ బూజు వానకి పైకి పంపే కాయ మాత్రమే. పంట మొత్తం కిందే ఉంటుంది. చెదలు కలుపు కూడా తీస్తాయి. వేరే బూజు తలెత్తకుండా చూస్తాయి. అవి లేకపోతే జైలేరియా అనే ఇంకో బూజు ముద్దనంతా ఆక్రమిస్తుంది. నా కుండలో మొలిచిన నల్లపుల్లలు అవే. రైతుని వెళ్లగొట్టి కలుపుకి నీళ్లు పోశానన్నమాట! ఈ సేద్యం మొదలై సుమారు 3 కోట్ల ఏళ్లు. మనం నాగలి పట్టి ఎన్నాళ్లయిందని?

కాబట్టి పెంచలేరు. చెదల్ని కూడా పెంచుకుంటానంటారా, మీ తలుపులు మీ ఇష్టం. వరిగడ్డి మీద పాల పుట్టగొడుగులు వస్తాయి, ముత్యపుచిప్ప రకమూ వస్తుంది, శుభ్రంగా పెంచుకోండి. సూపర్ మార్కెట్ డబ్బాలో వచ్చే తెల్ల బటన్ల గురించి మాత్రం నన్ను అడక్కండి. తడిపిన థర్మాకోలుకి మసాలా పట్టించి తినడం నా వల్ల కాదు. పుట్టకొక్కుల ఇగురుకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు చాలు.

ఇంకో కడుపుమంట. "చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవు" అంటాం. చీమలేం పెట్టాయి? కట్టింది చెదలు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసేది అద్దెకున్న పాముకి, కట్టిన మేస్త్రీకి మాత్రం పురుగుమందు.

ఉరుముల సంగతికొస్తే, జపాన్లో ఇవాతె విశ్వవిద్యాలయం వాళ్లు షీటాకే అనే పుట్టగొడుగుల్ని పెంచే దుంగలకి అధిక వోల్టేజి షాకులిచ్చి చూస్తే ఎక్కువ మొలిచాయి. పుట్టకొక్కులకి అసలు కావలసింది నేలలో చెమ్మే అంటారు. అననివ్వండి. ఉరమని వానకి అమ్మమ్మ టేకాకులు కోయడం నేనెప్పుడూ చూడలేదు, నా ఓటు ఆవిడకే.

ఒకటి మాత్రం సరదా కాదు. వెండి చెంచా నల్లబడకపోతే తినొచ్చు, వెల్లుల్లి రంగు మారకపోతే తినొచ్చు అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ అబద్ధాలు. అమానిటా అనే పుట్టగొడుగుల్లో ప్రాణం తీసే రకాల విషం వెండికి దొరకదు, ఉడికించినా పోదు. తిన్నాక 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు, వాంతులు మొదలయ్యేసరికే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఏది కొక్కో, ఏది కుక్కగొడుగో ఏళ్ల తరబడి ఏరినవాళ్లు చూసి చెప్పాలి. నేను కూడా ఫొటో చూసి చెప్పను, పంపకండి.

పోయిన వానాకాలం ఆ ఊరు వెళ్లాను. చింతతోపు లేదు. పుట్టని జేసీబీతో చదును చేసి ఎవరో డాబా కట్టారు. చూస్తే ప్రహరీ గోడ మొదట్లో నాలుగు కొక్కులు తలెత్తి ఉన్నాయి! వంగి, అమ్మమ్మలాగే వేలితో మట్టి తీసి, రెండింటిని తోకతో సహా లాగాను. ఇంటావిడ బయటికొచ్చి, "పునాదుల్లో చెదల మందు పోయించామండీ, మొన్న మళ్లీ కొట్టించాం, అయినా వస్తూనే ఉన్నాయి" అని వాపోయింది. చేతిలోవి గోడ పక్కనే పెట్టేసి, పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చేశాను.