ఎగిరే ఊరు నవల సగంలో ఆగిపోతే

అక్కా, అట్ట మీద ఎగిరే ఊరు, మాట్లాడే గొడుగు చూసి ఆశపడి కొన్న నవల 150వ పేజీ దాటడం లేదని, ఊహ తగ్గింది మీకేనేమోనని రాశారు. మీ తప్పేం లేదు.

గొడుగు మాట్లాడింది సరే, ఆ మాట విన్నందుకు ఎవరికైనా ఏమైనా అయిందా? ఆ గొడుగు తీసేసి కథ చెప్పి చూడండి. ఏమీ మారకపోతే అది ఉత్త అలంకారమే. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో అట్లా కాదు. మజిలీ మజిలీకి కథ చెప్తేనే కాశీకి వెంట వస్తానని పశువుల కాపరి పిల్లాడు కాశీయాత్రకు బయల్దేరిన మణిసిద్ధుడికి షరతు పెడతాడు. వాడు దారిలో ఏదో వింత చూసి అడుగుతాడు, ఆ ప్రశ్నలోంచి కథ పుడుతుంది. నాకు ఆ పిల్లాడి పట్టుదలే ఇష్టం!

ఇప్పుడు మీరు చివరి రెండు అధ్యాయాలు చదవండి. మొదట్లోని వింతల్లో ఒక్కటైనా అక్కడ పనికొచ్చిందంటే వెనక్కొచ్చి పూర్తి చేయండి, లేదంటే వదిలేయండి. హన్మకొండలోనే ఉంటారు కదా, 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయంలో పాత జానపద నవలలు అడిగి చూడండి.