లినోకట్‌లో గుట్టలు, చెరువులు జీవం లేకుండా వస్తున్నాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

"ఫోటోను కార్బన్ పేపర్‌తో లినో మీదకు దించుకుని చెక్కుతున్నాను, ఒక్క గీత కూడా తప్పడం లేదు, అయినా ప్రింట్‌లో గుట్ట గుట్టలా లేదు" అన్నారు మీరు. ఆ మాట చదవగానే నా మొదటి మూడేళ్లు కళ్ల ముందు కదిలాయి. నేను లినో మీద (ఉలితో చెక్కి, మిగిలిన పైభాగానికి ఇంకు పూసి అచ్చు తీసే మెత్తటి పలక), చెక్క మీద మా ఊరి చుట్టుపక్కలనే చెక్కుతూ వస్తున్నాను. నాకు అర్థమైనంత వరకు, మీ చిక్కు ఆ ఫోటో దగ్గరే ఉంది.

లినోలో ఉన్నవి రెండే: ఇంకు అంటుకునే చోటు, అంటుకోని చోటు. ఫోటోలో బూడిద రంగు ఛాయలు వందలుంటాయి. వాటిలో ఏది నలుపు కావాలో, ఏది తెలుపు కావాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఫోటో ముందు కూర్చుంటే కనిపించిన ప్రతి మరకా ముఖ్యమే అనిపిస్తుంది, దేన్నీ వదలబుద్ధి కాదు. అదే గుట్ట ముందు పొద్దున్నే ఓ గంట కూర్చోండి. ఎండ ముందు ఏ గుండు (పెద్ద బండరాయి) నెత్తిన పడిందో, ఏ సందు చివరిదాకా నల్లగానే ఉండిపోయిందో కన్నే పట్టుకుంటుంది.

గుండ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా పని మారింది అక్కడే. మాది మెదక్ వైపు. మా దగ్గర గుట్టంటే గుండు మీద గుండు. మొదట్లో నేను గుండ్రంగా ఓ గీత గీసి, ఒక పక్క నీడ పెట్టేదాన్ని. ఎక్కడినుంచో తెచ్చి పేర్చినట్టు కనిపించేవి. భూగర్భశాస్త్రం చెప్పే ఓ మాస్టారు మాతో పాటు గుట్టెక్కిన రోజు అసలు విషయం తెలిసింది. మన గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ గుండ్లు ఎక్కడినుంచీ దొర్లి రాలేదు. మట్టి కింద అదంతా ఒకే రాయి. దానికి నిలువుగా, అడ్డంగా చీలికలు పడ్డాయి, వాటిలోకి నీళ్లు దిగాయి. మూలల్లో రెండు మూడు వైపుల నుంచి నీళ్లు తగులుతాయి కాబట్టి మూలలే ముందు మెత్తబడి రాలాయి, పలకగా ఉన్నది గుండ్రమైంది. పైమట్టి కొట్టుకుపోయాక మిగిలింది మనం చూస్తున్న ఈ పేర్పు. అంటే పై గుండూ కింద గుండూ ఒకప్పుడు ఒకే బండ.

ఆ మాట విన్నాక మళ్లీ చూస్తే, కింద గుండులోని నిలువు చీలిక పై గుండులోనూ అదే వరసలో కనిపించింది. అన్నేళ్లు చూసిన గుట్టే, అది నా కంటికి ఆనలేదు. అప్పటి నుంచి నేను ముందు చీలికలు చెక్కుతాను, గుండ్రదనం తర్వాత. రాయి పొరలు పొరలుగా ఊడిన చోట యూ ఉలిని (మొన యూ అక్షరంలా ఉండేది) ఆ పొర వంపు వెంటే నడిపిస్తాను. ఉలి ఎటు నడిచిందో ప్రింట్‌లో కనిపిస్తుంది కాబట్టి ఆ జాడ రాయిదే కావాలి. కార్బన్ గీత వెంట పోయే ఉలికి అది తెలియదు.

ఇక నీళ్లు. మా చెరువు పొద్దున ఆరింటికి అద్దంలా ఉంటుంది. ఎండెక్కి గాలి మొదలవగానే తాటిచెట్టు నీడ ముక్కలైపోతుంది. ఆ ముక్కల మధ్య మెరిసేదే నేను చెక్కి తీసేసేది, నీడను ముట్టుకోను. దగ్గరి నీళ్లకు వెడల్పు కోతలు, దూరం పోయేకొద్దీ సన్నగా, కట్టకు సమాంతరంగా, దగ్గరదగ్గరగా. చివరి రెండంగుళాలకు అన్నిటికంటే చిన్న వీ ఉలి, అది కూడా బరువు వేయకుండా. ఇది నేను చాలావరకు హరేన్ దాస్ (1921-1993) ప్రింట్లు చూసి నేర్చుకున్నాను. బెంగాల్ పల్లెల్ని చెక్క మీద చెక్కిన మనిషి. నల్లటి నేల మీద తెల్ల గీతతోనే వెలుగెలా తేవాలో ఆయన దగ్గర చూడాలి.

వాన చెక్కాలనుకుంటే జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857 నాటి చెక్క అచ్చు ప్రింట్ వెతికి చూడండి, వంతెన మీద హఠాత్తుగా వాన కురిసేది. సన్నటి నల్ల గీతలే వాన. చెక్కలో ఆ ఒక్కో గీత నిలబడాలంటే దానికి రెండు పక్కలా ఉన్న చెక్కను తీసేయాలి. గీసింది హిరోషిగే, చెక్కినవాళ్లు వేరు, అచ్చు వేసినవాళ్లు వేరు. పైన కమ్ముకున్న నలుపు చెక్కితే వచ్చింది కాదు, అచ్చు వేసే మనిషి తడి చెక్క మీద రంగును తుడిచి పలచన చేస్తే వచ్చింది. లినోలో అదే కావాలంటే రోలర్‌కు ఒక కొసన నలుపు, ఇంకో కొసన పలుచన చేసిన ఇంకు పెట్టి, మధ్యలో కలిసేదాకా అటూ ఇటూ నడపండి.

చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లలాంటి గీత కావాలని కూడా రాశారు. ఆయన 1940లో నిజాంపూర్‌లో పుట్టారు, 1963-65లో బరోడాలో చదివారు. ఆయన మేకలు, చెట్లు, మనుషులు ఒకే చర్మం కప్పుకున్నట్టుంటాయి, నాకు ప్రాణం. కానీ ఎచింగ్‌లో లోహపు రేకు మీద యాసిడ్ తిన్న గాడిలో ఇంకు నిలుస్తుంది, అందుకే వెంట్రుకంత గీత సాధ్యం. లినోలో ఇంకు నిలిచేది పైన. ఆ గీతను లినోలో పట్టబోతే గీత విరుగుతుంది, మీకు టెన్షన్ మిగులుతుంది. ఆయన దగ్గర తీసుకోవాల్సింది వేరే ఉంది: తన ఊరినే దశాబ్దాల పాటు చూసిన చూపు.

అచ్చు వేస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఆ సంగతి మర్చిపోకండి. నేను మొదటిసారి చెరువు గట్టున కూర్చుని నేరుగా లినో మీదే గీసి చెక్కాను. ఆ ప్రింట్ మా పెదనాయనకు చూపించాను. చాలాసేపు చూసి, "మంచిగున్నది గని, ఇది మన చెరువు కాదు బిడ్డా. మత్తడి అటుంటది గదా" అన్నాడు. మత్తడి అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆ మత్తడి కింద నలభై ఏళ్లు వరి పండించిన మనిషికి అది వేరే ఊరే. ఇప్పుడు ట్రేసింగ్ పేపర్ మీద గీసి, తిరగేసి దించుతాను.

పనిముట్ల గురించి రెండు మాటలు. చలికాలం లినో గట్టిపడితే కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. ప్రెస్ లేకపోయినా గరిటె వెనకవైపుతో రుద్దితే చాలు, కాగితం పలచగా ఉండాలి అంతే.

ఫోటోలు పూర్తిగా మానేయమనను. కొమ్మ ఎటు వంగిందో గుర్తు లేనప్పుడు చూసుకోండి. ముందు మాత్రం అదే గుట్ట దగ్గరకు నాలుగైదుసార్లు పోయి, ఒట్టి మార్కర్‌తో నలుపూ తెలుపూ రెండే పెట్టి చేతివేలంత బొమ్మలు వేయండి. సగం చెక్కగానే ఆపి ఒక ప్రూఫ్ (చూసుకోవడానికి తీసే అచ్చు) తీయండి, తీసేసిన లినో మళ్లీ అతుక్కోదు. ఆ ప్రూఫ్ ఇక్కడ పెడితే, చీలికలు ఎటు పోతున్నాయో ఇద్దరం కలిసి చూద్దాం.