బెంగళూరులో ఇల్లు తీసుకున్నారా, అయితే ఎండాకు పారేయకండి

ఇక్కడికి కొత్తగా వచ్చి, ముందు కాస్త నేల ఉన్న ఇల్లు అద్దెకి తీసుకున్న మనవాళ్ళందరికీ ఇదే సందేహం, ఊడ్చిన ఆకులూ కోసిన గడ్డీ ఏం చేయాలి, చెత్త ఆటో వాళ్ళేమో మేం తీసుకెళ్ళం అంటున్నారు అని. అంటించెయ్యడం మాత్రం వద్దండీ, ఊళ్ళో వాకిట్లో పోగేసి అగ్గిపుల్ల గీసేస్తాం గానీ 2016లోనే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతటా బయట చెత్త తగలబెట్టకూడదంది, చిన్న మంటకే 5,000 రూపాయల జరిమానా, పైగా పక్కింట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళుంటే ఆ గొడవ వేరే.

ఆ ఆకు వంటింటి తొక్కలతో కలిపి ఇంట్లోనే కంపోస్ట్, అంటే ఎరువు, చేసుకోడానికి పనికొస్తుంది, గోనెసంచుల్లో కుక్కి వాన తగలని చోట దాచుకోండి. కానుగ చెట్లు, ఇక్కడ హొంగె అంటారు, ఫిబ్రవరి మార్చిలో ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి, ఉగాదికల్లా లేతాకు వచ్చేస్తుంది, ఇక జూన్ నుంచి వానల్లో పొడి ఆకు కావాలంటే ఎక్కడా దొరకదు, సరిగ్గా అప్పుడే కంపోస్ట్ తడిసి కంపు కొడుతుంది. వంటింటి తొక్కల్లో నైట్రోజన్, నీరు ఎక్కువ, ఎండాకులో కార్బన్ ఎక్కువ, రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. ఒక గిన్నె తొక్కలు వేస్తే రెండు మూడు గిన్నెల నలిపిన ఆకు పైన కప్పెయ్యండి, గుప్పెడు తీసి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు, కారితే ఇంకాస్త ఆకు. మొదటిసారి కాస్త పుల్లమజ్జిగ చల్లితే చాలు, చెత్త త్వరగా కుళ్ళడానికి అమ్మే సూక్ష్మజీవుల కల్చర్ పొడి కొనక్కర్లేదని నా ఉద్దేశం.

మూత తీయగానే గోధుమరంగు లావుపాటి పురుగులు లుకలుకమంటూ కనిపిస్తే హడలిపోయి దోమల స్ప్రే కొట్టేయకండి, అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, చెత్తని తినేసేవే అవి, మరీ ఎక్కువైతే తడి తగ్గించండి. తెల్లబూజు కూడా మంచిదే. రెండు మూడు నెలల్లో నల్లగా, తొలకరి మట్టి వాసనతో తయారవుతుంది, డిసెంబర్ చలికి కాస్త నెమ్మదిస్తుంది. ఉత్త ఆకే అయితే మాత్రం ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, మామిడాకు లాంటి మందపాటివి చితక్కొట్టి వేయండి.

మాంసం, నూనె వద్దు. పూత పట్టిన వయ్యారిభామ కలుపు అసలే వద్దు, విత్తనం పడి తోటంతా అదే మొలుస్తుంది. పిండినల్లి పట్టిన కొమ్మలూ అంతే.

కంపోస్ట్ చేసుకోడానికి కంబ అని మూడంతస్తుల మట్టి కుండలు ఇక్కడ దొరుకుతాయి, బాగుంటాయి గానీ అద్దె ఇంటికి అంత ఖర్చెందుకు, పాత 20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండింటికి చుట్టూ, అడుగునా చిల్లులు పెట్టుకుంటే సరి, ఒకటి నిండాక రెండోది. హౌస్ ఓనర్‌ని ముందే ఒక మాట అడగండి, టెర్రస్ మీదంటే చాలామంది మొహం చిట్లిస్తారు, కింద కాంపౌండ్ గోడ పక్కన నీడలో పెట్టుకుంటామంటే ఒప్పుకుంటారు.