నలుగురూ వెళ్లే చోటికే వెళ్లడం సరైన పనేనా?

బాబును అందరూ చేర్పిస్తున్న కోచింగ్ సెంటర్‌లోనే చేర్చవచ్చా, నలుగురి దారిలో వెళ్లడం తప్పా అని అడిగారు. ఆ కొండగుర్తు, అంటే పెద్దగా లెక్కలు వేయకుండా నిర్ణయానికి వాడుకునే చిన్న సూత్రం, నాకు ఒకచోట బాగా పనికొచ్చింది, ఇంకోచోట నిండా ముంచింది. అందుకే రాస్తున్నాను.

మా నాన్న విజయవాడ నుంచి చెన్నైకి లారీ నడిపేవారు. సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవారు. భోజనానికి ఎక్కువ లారీలు ఆగిన దాబా చూసి ఆపేవారు. బోర్డు, లైట్లు ఏవీ చూసేవారు కాదు. బస్సులు బారులు తీరిన హోటల్ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు. ఎందుకని అడిగితే, "లారీవాడు నచ్చితేనే ఆగుతాడ్రా. బస్సులో జనం డ్రైవర్ ఎక్కడ ఆపితే అక్కడ దిగి తింటారు" అన్నారు.

ఆ రోడ్డు మీద వారం వారం తిరిగేవాడికి తిండి పడకపోతే తెల్లారేసరికి తెలిసిపోతుంది. మళ్లీ అక్కడ ఆగడు, తోటివాళ్లకూ చెబుతాడు. పైగా పది లారీలు ఆగినంత మాత్రాన పప్పు రుచి మారదు.

2021లో ఒక టెలిగ్రామ్ గ్రూపులో అందరూ కొంటున్నారని ఓ చిన్న కంపెనీ షేరు కొన్నాను. అక్కడ జనం కొంటున్నందువల్లే ధర పెరుగుతోంది, అది నాకు తట్టలేదు. తర్వాత రోజూ లోయర్ సర్క్యూటే, అంటే ఒక రోజులో ధర పడగలిగినంత కిందికి పడిపోవడమే. అమ్ముదామంటే కొనేవాడు లేడు. చెల్లి పెళ్లికని దాచిన 1,20,000 రూపాయలు పోయాయి. ఆ గ్రూపులో మేమంతా బస్సు ఆపితే దిగినవాళ్లమే.

1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్, మన బుర్రను, చుట్టూ ఉన్న పరిస్థితిని కత్తెరకుండే రెండు అంచులతో పోల్చారు. ఒక్క అంచుతో ఏదీ తెగదు. నేను కొండగుర్తును చూశాను గానీ, అది అక్కడి పరిస్థితికి సరిపోతుందా అని చూడలేదు.

అలాగని మార్కెట్లో కొండగుర్తులే పనికిరావనుకోకండి. ఉన్న డబ్బును ఎంచుకున్న పెట్టుబడులన్నిటిలో సమానంగా పెట్టడమూ ఒక కొండగుర్తే. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, దేనిలో ఎంత పెట్టాలో తేల్చే 14 రకాల లెక్కల పద్ధతులను దాని పక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్కటీ నిలకడగా దాన్ని మించలేదు. పాత ధరలను బట్టి రాబోయేది అంచనా వేస్తే తప్పులు దొర్లుతాయి. సమానంగా పంచేవాడు ఆ అంచనాల జోలికే పోడు.

ఇక కోచింగ్ సంగతి. అక్కడ పిల్లలు చేరేది ఒక్కసారే, ఫలితం తెలిసేది రెండేళ్లకు. హోర్డింగుల మీద ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలే ఉంటాయి, మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో ఉండదు. కాబట్టి అక్కడి జనాన్ని చూసి నిర్ణయించకండి. నిరుడు అక్కడ చదివి ర్యాంకు రాని పిల్లలు మీ వీధిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ముందు వాళ్ల అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి.