ఆదివారం వస్తే భయమేస్తోంది అక్కా

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది విజయనగరం. ఏడు నెలల క్రితం ఉద్యోగం మీద మారిషస్ వచ్చాను. ఎబెన్‌లో ఆఫీసు, నడిచి వెళ్ళేంత దూరంలోనే ఫ్లాటు. సాయంత్రం అయిదున్నర దాటితే ఈ టవర్లన్నీ ఖాళీ. ఆఫీసులో అందరూ బాగానే నవ్వుతారు, మాట్లాడతారు, కానీ ఒక్కరు కూడా ఇంటికి రమ్మనరు. నాలాగే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళతో మొదట్లో తిరిగాను, గ్రాండ్ బే వెళ్ళాం, బోటు ఎక్కాం, వాళ్ళలో ముగ్గురు అప్పుడే కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయారు. ఇక్కడికి ఉద్యోగాల మీద వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని పరిచయమయ్యాయి గానీ వాళ్ళింటికి వెళ్తే మగవాళ్ళు ఒక గదిలో, పిల్లల తల్లులు ఒక గదిలో, నేను ఎక్కడ కూర్చోవాలో తెలియదు. పైగా ‘పెళ్ళెప్పుడు’ అన్న ప్రశ్న. ఊళ్ళో ఫ్రెండ్సేమో ఫోటోలు చూసి ‘నీకేంటే, బీచ్‌లో ఉన్నావ్’ అంటారు. వాళ్ళకి ఏం చెప్పను? ఆదివారం మధ్యాహ్నం షాపులు కూడా మూసేస్తారు. అప్పటినుంచి సోమవారం పొద్దున దాకా ఒక్క మనిషితోనూ మాట్లాడని వారాలున్నాయి. నాలోనే ఏదైనా లోపం ఉందా? ఉద్యోగం మానేసి వచ్చేయనా?
– ఒక పాఠకురాలు, మారిషస్

జవాబు: నీలో లోపం లేదమ్మా. ఆ మాట ముందు పక్కన పెట్టు. నేనూ ఆ దీవిలో నాలుగేళ్ళు ఒంటరిగా ఉండి ఉద్యోగం చేశాను, నువ్వు రాసిన ఆదివారం మధ్యాహ్నం నాకు బాగా తెలుసు, కింద వీధిలో ఒక్క కారు వెళ్ళిన చప్పుడు వినిపించినా కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని.

ఒక్కసారి విజయనగరంలో నీ కాలేజీ రోజులు గుర్తు తెచ్చుకో. మీ వీధిలోకి బదిలీ మీద ఎవరో బ్యాంకు ఉద్యోగిని వచ్చి ఉంటుంది, పొద్దున్నే తాళం వేసి వెళ్ళి సాయంత్రం వచ్చి తలుపు వేసుకునే మనిషి. ఆవిణ్ణి మీ ఇంటికి ఎవరైనా పిలిచారా? పిలవలేదంటే మీరు చెడ్డవాళ్ళని కాదు. మీ పిన్ని పక్క వీధిలో, మేనత్త రెండు సందుల అవతల, చిన్నప్పటి స్నేహితులంతా ఊళ్ళోనే, అందుకే ఆవిడకి ఆదివారం ఎలా గడుస్తుందన్న ఆలోచనే మీకు రాలేదు. మారిషస్ మొత్తం అలాంటి ఊరే. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి 65 కిలోమీటర్లు. నీ పక్క సీట్లో కూర్చునే అమ్మాయికి అక్కచెల్లెళ్ళు, వదినలు, బడి స్నేహితులు అందరూ గంట ప్రయాణంలోపే ఉంటారు, ఆమె ఆదివారాలన్నీ ముందే నిండిపోయి ఉంటాయి. అదీగాక నీలాంటివాళ్ళు రెండేళ్ళకి వచ్చి వెళ్ళిపోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. మనసు పెట్టుకున్న మనిషి విమానం ఎక్కేస్తే బాధ మిగిలేది ఉన్నవాళ్ళకే కదా.

కాబట్టి వాళ్ళు పిలుస్తారని ఎదురు చూడకు. నువ్వే అడుగు. ‘ఈ ఆదివారం మీరు బీచ్‌కి వెళ్తుంటే నేనూ రావచ్చా, పులిహోర చేసి తెస్తాను’ అని సూటిగా అడిగెయ్. మనకి ఇది మొహమాటంగా ఉంటుంది, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు అనిపిస్తుంది, నేను ఆ ఒక్క మాట అడగడానికి తొమ్మిది నెలలు పట్టింది. అడిగిన రోజున ఆ అమ్మాయి ‘నీకు మా గోల నచ్చదేమో అనుకున్నాను’ అంది. అన్ని నెలలూ ఇద్దరం ఒకరి గురించి ఒకరం తప్పుగానే అనుకున్నాం.

అక్కడ బీచ్ అంటే నీ ఫ్రెండ్స్ ఫోటోల్లో చూసే బీచ్ కాదు. హోటళ్ళ ముందున్న ఇసుక ముక్క వదిలేసి ఆదివారం పొద్దున ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌కో బ్లూ బేకో బెల్ మార్‌కో వెళ్ళు. వరసగా సరుగుడు చెట్లు ఉంటాయి, వాళ్ళు ఫిలావో అంటారు, భీమిలి వైపు తోటల్లో మనం చూసేవే. ఆ నీడలో చాపలు పరచుకుని మూడు తరాల మనుషులు, డేగిసాలతో బిర్యానీ, పెద్ద బంగాళదుంప ముక్కలు వేసి వండేది, సాయంత్రానికి ఎవరో ఒకరు రవాన్ డప్పు తీస్తారు, అత్తగారు కూడా లేచి సెగా నాట్యం ఆడుతుంది. అక్కడ ఒక్కసారి వాళ్ళతోపాటు చాప మీద కూర్చుని తిన్నావంటే ఆ ఇంటికి నువ్వు తెలిసిన పిల్లవి అయిపోతావు. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళు. ఒక్కసారి వెళ్ళి ‘చాలా బాగుంది, థాంక్యూ’ అని మెసేజ్ పెట్టి ఊరుకుంటే నువ్వూ టూరిస్టువే అనుకుంటారు. నా అనుభవంలో అన్నిటికన్నా పనిచేసింది ఇదే, అదే చోటికి, అదే రోజున, అదే మనుషుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం.

రెండో మాట, ఇల్లు మారు. ఎబెన్ ఈ శతాబ్దంలో చెరకు పొలాల్లో కట్టిన ఆఫీసుల ఊరు, సాయంత్రమైతే ఖాళీ అవ్వక ఏమవుతుంది? పక్కనే రోజ్ హిల్, కాత్ర్ బోర్న్ ఉన్నాయి, మనుషులు కాపురాలు ఉండే ఊళ్ళు, మెట్రో ఉంది, బస్సులున్నాయి. ఇంటి ఓనరు కింద వాటాలో ఉండే ఇల్లు వెతుక్కో. అద్దె కొంచెం అటూ ఇటూ అయినా సరే, తుఫాను రోజున ఎంత నయమో నీకే తెలుస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫాన్ల కాలం, హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి, మూడో నంబరు వేస్తే బస్సులు ఆగిపోతాయి, అందరూ ఇళ్ళలోనే ఉండాలి. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం మనమంతా టీవీల్లో చూశాం. అలాంటి రాత్రి కరెంటు పోయి గాలి హోరెత్తుతుంటే తలుపు కొట్టి ‘కొవ్వొత్తి ఉందా, కిందికి వచ్చేయ్’ అనే మనిషి ఉండాలి. టవర్ ఫ్లాట్‌లో ఆ మనిషి దొరకడం కష్టం.

క్రియోల్ నేర్చుకో, దీవిలో చాలామంది రోజూ మాట్లాడుకునే భాష అదే. ఇంగ్లీషుతో ఆఫీసు గడుస్తుంది, ఫ్రెంచి వస్తే గౌరవం దొరుకుతుంది, కానీ నవ్వులు, చాడీలు, ఓదార్పులు అన్నీ క్రియోల్‌లోనే. ‘కి మానియేర్’ అంటే ‘ఎలా ఉన్నావ్’, ‘కోరెక్’ అంటే ‘బాగానే’. ‘మో పె అప్రాన్ క్రియోల్’, నేను క్రియోల్ నేర్చుకుంటున్నాను అని చెప్పి చూడు, కూరగాయలమ్మే ఆవిడ కూడా నీకు పాఠం మొదలుపెడుతుంది. కాత్ర్ బోర్న్ సంతకి వెళ్ళు, కొత్తిమీరని వాళ్ళు కోతోమిలీ అంటారు, మునగాకు బ్రెద్ మురుమ్, కరివేపాకు కారిపులే. నాకు ఆ మాటలు మొదటిసారి విన్నప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మన దక్షిణాది మాటలే, ఓడలెక్కి వచ్చి ఇంకో భాషలో కలిసిపోయి బతుకుతున్నాయి.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నువ్వు రాసిన తెలుగు కుటుంబాలు కాక ఇంకో తెలుగువాళ్ళు ఉన్నారు అక్కడ. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మందిని మన దేశం నుంచి చెరకు తోటల్లో కూలికి ఆ దీవికి తీసుకెళ్ళారు, పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌లో వాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. అందులో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్ళున్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలు అనేవారట. వాళ్ళ మునిమనవలు ఈ రోజుకీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. విజయనగరం పిల్లవి, సింహాచలం మీకు ఎంత దూరం! నీ ఆఫీసులోనే అలాంటి ఇంటి అమ్మాయి ఉండొచ్చు, అడిగి చూడు.

కానీ ఒక జాగ్రత్త. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది క్రియోలే. తెలుగు బళ్ళో నేర్చుకుంటారు, పాటల్లో నిలుపుకుంటారు. ‘మీకు తెలుగు రాదా’ అని ఆశ్చర్యపోకు, ఉచ్చారణ సరిదిద్దకు. నేను ఒక రామభజనంలో ఒక పెద్దాయన పాడిన మాటను సరిచేశాను, ఆయన ఆ రాత్రంతా మళ్ళీ నా ముందు పాడలేదు. నూట యాభై ఏళ్ళు వాళ్ళింట్లో మోసుకొచ్చిన పాటని అలా చేశానని ఇప్పటికీ బాధపడతాను. నువ్వు వెళ్ళి పక్కన కూర్చుని గొంతు కలుపు, అంతే.

మహాశివరాత్రికి గంగా తలావ్ అనే పవిత్ర సరస్సుకి నడిచే యాత్రకి మాత్రం తప్పకుండా వెళ్ళు. దీవి నలుమూలల నుంచీ లక్షల మంది కావళ్ళతో నడుస్తారు, దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు మంచినీళ్ళు, పళ్ళు, భోజనం పెడతారు. ఆఫీసువాళ్ళు ఎవరు నడుస్తున్నారో ముందే కనుక్కుని వాళ్ళతో కలువు. ఒక పగలూ రాత్రీ పక్కపక్కన కాళ్ళు నొప్పెట్టేలా నడిచాక ఎవరూ కొత్తవాళ్ళు కారు. దైవభక్తి అంతగా లేదంటే లె పూస్ కొండ ఎక్కే గుంపుల్లో చేరు, 812 మీటర్లే, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు. కొండలు ఒక్కదానివే ఎక్కకు. చీకటి పడ్డాక బస్సులు తగ్గిపోతాయి కాబట్టి ఎక్కడికెళ్ళినా తిరిగి ఎలా రావాలో ముందే చూసుకో.

బయటి దేశాలవాళ్ళతో స్నేహం వద్దనను. కొత్తలో నీ కష్టం తొందరగా అర్థమయ్యేది వాళ్ళకే. వాళ్ళు మాత్రమే ఉంటే ప్రతి ఆరు నెలలకీ ఎయిర్‌పోర్టులో ఏడవాలి. ఇక పెళ్ళి ప్రశ్న, ‘ఇంకా అనుకోలేదు ఆంటీ’ అని చెప్పి వంటింట్లోకి వెళ్ళి వాళ్ళలో నీకు నచ్చిన ఒక్క ఆవిడని పట్టుకో, గుంపులో కాకుండా ఆమెతో విడిగా టీకి కూర్చో. గుంపులో అందరూ ఆంటీలే, విడిగా కూర్చుంటే ఆమెకీ నీలాగే ఊరి మీద బెంగ ఉంటుంది.

వచ్చేయనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఇల్లు మారి, ఒక ఇంటివాళ్ళ ఆదివారాల్లో కలిసి, అప్పటినుంచి ఆరు నెలలు చూడు. అప్పటికీ నిద్ర పట్టక, తిండి సయించక, పొద్దున లేవాలంటేనే భారంగా ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడు, తర్వాత అమ్మకి ఫోన్ చేసి టికెట్ కొనుక్కో. అలా వస్తే ఓడిపోయి వచ్చినట్టని ఎవరన్నా నువ్వు నమ్మకు. ఊళ్ళో ఫ్రెండ్స్‌లో ఒక్కరికైనా ఈ ఉత్తరంలో రాసినట్టే నిజం చెప్పు. అందరికీ అక్కర్లేదు, ఒక్కరు చాలు.

*

ప్రశ్న: మేడమ్, మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో బడిలో లెక్కల టీచర్‌ని. వయసు 29, పెళ్ళి కాలేదు. దీవి చుట్టూ నడిస్తే అరగంట. సినిమా హాలు లేదు, హోటల్ లేదు. బడి, గది, ఫోను, ఇంతే నా జీవితం. స్నేహితులు ఎలా దొరుకుతారు?
– ఒక పాఠకుడు, మాల్దీవులు

జవాబు: అంత చిన్న దీవిలో మీరెవరో అందరికీ ముందే తెలుసు, వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పే సార్ మీరు. గదిలోంచి బయటికి రావడమే మిగిలింది. సాయంత్రం ఎండ తగ్గాక రేవు దగ్గర జోలీల్లో మగవాళ్ళు కూర్చుంటారు చూశారా, తాడుతో అల్లిన వల కుర్చీలు, అక్కడే ఊరి కబుర్లన్నీ. వెళ్ళి కూర్చోండి. మొదటి పది రోజులు ఎవరూ పెద్దగా పలకరించకపోవచ్చు, దివేహీలో ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కాకపోవచ్చు, అయినా కూర్చోండి. ఫుట్‌బాల్ ఆడగలిగితే ఇంకా తొందరగా కలుస్తారు, ఆడలేకపోతే పిల్లల ఆటకి రిఫరీగా ఉంటానని అడగండి. వాళ్ళు ‘సాయి’ (టీని అలా అంటారు), దాంతో హెధికా అని చేప, కొబ్బరి పెట్టిన చిరుతిళ్ళు ఇస్తారు. శాకాహారులైతే మొదటిరోజే నవ్వుతూ చెప్పేయండి, ప్లేటు ముట్టుకోకుండా పక్కన పెడితే నొచ్చుకుంటారు.

అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా ఎవరినీ పనికి గానీ ఆటకి గానీ పిలవకండి. రంజాన్‌లో పగలు వాళ్ళ ఎదుట తినకండి, ఎవరైనా ఇఫ్తార్‌కి పిలిస్తే మాత్రం ఎంత అలసటగా ఉన్నా వెళ్ళండి. మన పూజ గదిలోపలే చేసుకోవాలి, అది అక్కడి చట్టం, దాని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దు.

చేపలు పట్టడానికి తీసుకెళ్ళమని మీ విద్యార్థి తండ్రినెవరినైనా అడగండి. గాలం తాడు పట్టుకుని రాత్రిపూట దోనీలో నాలుగు గంటలు కూర్చుంటే భాష రాకపోయినా మాటలు కుదురుతాయి. లైఫ్ జాకెట్ మాత్రం అడిగి వేసుకోండి.